లాభం, రెండు, మూడు

మద్రాసు సౌకార్‌పేటలో మాది పప్పుల హోల్‌సేల్ కొట్టు. తొంభైల మధ్యలో డిగ్రీ చేతికొచ్చాక, మైలాపూరులో ఆరు నెలలు కంప్యూటర్ క్లాసులు కూడా వెలగబెట్టి, నేను కొట్లో కూర్చున్నాను. కూర్చున్న మొదటి నెలలోనే ఎలక్ట్రానిక్ కాటా కొనిపించాను. నాన్నకు పెద్దగా ఇష్టం లేదు. చదువుకున్న కొడుకు అన్నాడు కదా అని ఊరుకున్నాడు.

అప్పటిదాకా కొట్లో తూకమంతా ఒక్క మనిషిదే. నేను పుట్టకముందు నుంచీ ఉన్నాడు. అందరం మామా అని పిలిచేవాళ్ళం. దూలానికి వేలాడే పెద్ద తక్కెడ, వరసగా పేర్చిన ఇనప తూకపురాళ్ళు, వాటి మధ్య ఆయన. మూటలు తూచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనేవాడు కాదు. "లాభం" అని గొంతెత్తి పిలిచి, ఆ తరవాత రెండు, మూడు అని పోయేవాడు. ఒకటి అని మొదలుపెడితే లక్ష్మి అలుగుతుందని మావాళ్ళ నమ్మకం. చిల్లరగా కొనేవాళ్ళకు ముల్లు నిలబడ్డాక గుప్పెడు కొసరు వేసేవాడు. ఇడ్లీలు అమ్ముకునే ఒకామెకు ఆ గుప్పెడు కాస్త పెద్దది. నాన్న చూసీ చూడనట్టు ఉండేవాడు.

కొత్త కాటా మీద ఎర్రటి అంకెలు వెలిగేవి. మిషను తప్పు చెప్పదని, గ్రాము తేడా రాదని నేను అందరి దగ్గరా ఊదరగొట్టాను. కొసరు మాన్పించింది కూడా నేనే. ఇడ్లీలామె రెండుసార్లు వచ్చి, అంకె వంకా మామ వంకా చూసి, తరవాత రావడం మానేసింది. మామ మాత్రం కాటా ముందు నిలబడి, కొన్నవాళ్ళనే ఎంతుందో చూడమని అడిగేవాడు. ఏం మామా అంటే, చత్వారం వచ్చింది, ఆనడం లేదన్నాడు.

నాకు జాలేసింది. నిజంగానే వేసింది. మర్నాడు మధ్యాహ్నం దగ్గరుండి కళ్ళద్దాల షాపుకు తీసుకెళ్ళాను. షాపాయన గోడ మీది అంకెల బోర్డు చూపించి పైనుంచి చదవమన్నాడు. మామ బోర్డు వంకే చూస్తూ కూర్చున్నాడు. షాపాయన అద్దాలు మార్చాడు. అప్పుడూ అంతే. మూడోసారి మార్చబోతుంటే మామే వాటిని తీసి బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగాడు.

"కండ్లు బాగానే ఉండాయి చిన్నయ్యా. నాకు అంకెలు రావు. నలుగురిలో, ఈడ చెప్పించినావే."

కందిపప్పులో మట్టిబెడ్డను పది అడుగుల నుంచి పట్టే కళ్ళవి. ఆ సంగతి నాకు తెలుసు, అయినా ఆలోచించలేదు. తూకపురాళ్ళను చేత్తో పట్టుకునే ఏది ఎంతో చెప్పేవాడు. ఆయన నోటితో చెప్తే నాన్న రాసుకునేవాడు. చదవాల్సిన అవసరం ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు కూడా రాలేదు. తెచ్చిపెట్టింది నేను.

నేర్పిస్తానన్నాను. కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు పలక మీద అంకెలు దిద్దించాను. చిన్నపిల్లాడిలా నాలుక కరుచుకుని దిద్దాడు. రెండు వారాలకు పలక మీదివన్నీ గుర్తుపట్టాడు కూడా. కాటా ముందుకొస్తే మళ్ళీ తడబాటే. నేను గుండ్రంగా రాసిచ్చిన అంకెలు దాని మీద లేవు; అన్నీ అగ్గిపుల్లలు పేర్చినట్టు ఉండేవి. ఒకరోజు యాభై రెండు కిలోల మూటను యాభై ఐదని చెప్పాడు. కొన్నాయన సాయంత్రం తిరిగొచ్చి వీధంతా వినేటట్టు పోట్లాడాడు. ఎట్లా పొరబడ్డావు మామా అని అడిగాను.

"నా చెయ్యి యాభై రెండే అనె. మిషను తప్పు చెప్పదని నువ్వంటివి గదా. నా చేతినే నమ్మకపోతిని."

నాన్న ఆయన్ను పనిలోంచి తీసెయ్యలేదు. వెనక గదిలో పప్పు ఏరే ఆడవాళ్ళతో కూర్చోమన్నాడు. జీతం సగానికి దిగింది. తక్కెడను పాత ఇనప కొట్టుకు వేసేశారు. పక్కన దాన్నీ ఉండనిద్దాం నాన్నా అని నేను ఒక్కమాట అనుంటే మామ పని నిలబడేది. అనలేదు. మిషను నా గొప్ప, దాన్ని తగ్గించుకోవడానికి నోరు రాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మామ వెనక గదికి వెళ్ళిన మర్నాడు పొద్దున సరుకు దిగింది. కాటా ముందు నేనే నిలబడ్డాను. హమాలీలు మొదటి మూట ఎక్కించారు. ఎర్ర అంకె చూసుకుని, "ఒకటి" అన్నాను గట్టిగా.

హమాలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాన్న కలం ఆగింది. వెనక గదిలో చాట చప్పుడు కూడా ఆగి, అక్కణ్ణించి ఆ పాత గొంతు వినిపించింది.

"లాభం," అన్నాడు మామ.

నాన్న రాసుకున్నాడు. రెండో మూట ఎక్కించారు. నేను రెండు అనకుండా వెనక గది వైపు తిరిగాను.