పార్కు తాళం తీయించిన పంతులమ్మగారు

మా పంతులమ్మగారు పోయారన్న కబురు నాకు పార్కు బెంచీ మీద తెలిసింది. నా కోడలు ఫోను చేత్తో పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా లిఫ్టు దిగి వచ్చింది. "అత్తయ్యా, మేడమ్ గారు లేరు" అంది. నాలుగు రోజుల జ్వరం. నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న మనిషి.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. మధ్యలో తన సొంత మాటలు కలపొద్దని ముందే చెప్పాను.

ఢిల్లీ ద్వారకలో మా అపార్ట్‌మెంట్ల సొసైటీలోనే, పక్క బ్లాకులో ఉండేవారావిడ. ఇక్కడే ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పేవారు. జనం ఎందుకు జబ్బు పడతారు, పడకుండా ఏం చెయ్యాలి అన్నది ఆవిడ చదువు. కిందటేడు చలి తగ్గుతుండగా ఆవిడ శిష్యులు ఆడవాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన అంటూ ఇల్లిల్లూ తిరిగారు. మా ఇంటికొచ్చింది తెలుగువాళ్ల పిల్లే కానీ ఇక్కడే పుట్టి పెరిగింది. మన మాట అర్థమవుతుంది, బదులు మాత్రం హిందీలో చెబుతుంది.

"నానీజీ, తబియత్ కైసీ హై?" అని అడిగింది, ఒంట్లో ఎలా ఉందని. బాగుందన్నాను. రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతారంది. ఎనిమిదన్నాను. టీవీలో డాక్టరు చెప్పే లెక్క అదే కదా. ఇంటికొచ్చిన పిల్లకి కాఫీ ఇస్తాం గానీ రోగాలు ఏకరువు పెడతామా? పైగా కోడలు వంటింట్లోనే ఉంది.

మిగతా ఇళ్లలోనూ ఇదే జవాబు. కాగితాలు చూసి పంతులమ్మగారు నవ్వారట. "ఇంతమంది ఎనిమిదేసి గ్లాసులు తాగుతుంటే మన ట్యాంకు మధ్యాహ్నానికే ఎండిపోవాలే" అన్నారట.

ఆ ఆదివారం ఆవిడే వచ్చారు, ఆ పిల్లని వెంటబెట్టుకుని. నేత చీర, కింద పరుగెత్తేవాళ్లు వేసుకునే బూట్లు. ఎవరింటికి వెళ్లినా గుమ్మంలోనే "ముందు మంచినీళ్లివ్వండి" అనడం ఆవిడ అలవాటు. నీళ్లు తాగి, నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే పక్కన నేలమీద కూర్చుని సగం కుప్ప తన ముందుకి లాక్కున్నారు. పిల్లకి ఈనె తీయడం చేతకాక కాయనే రెండు ముక్కలు చేస్తోంది. కాగితం బయటికి రాలేదు.

"నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారో చెప్పండి పెద్దమ్మగారూ."

చెప్పాను. లేవడం, పార్కు, గుడి, మళ్లీ పార్కు.

"మరి నీళ్లెప్పుడు తాగారు?"

"పదింటికి, ఇంటికొచ్చాక. ముందే తాగితే ఎక్కడికి పోను? పార్కులో బాత్రూముకి తాళం. ఈ మోకాళ్లతో నేను మా బ్లాకు చేరేదాకా ఆగుతుందా?"

ఆవిడ నా మొహం చూడలేదు. చేతిలో కాయనే చూస్తూ, "మంట ఉంటుందా?" అని మెల్లగా అడిగారు. మొహంలోకి చూసి ఉంటే లేదనేదాన్నే.

"రెండేళ్లుగా ఉంటోంది" అన్నాను. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. మర్నాడు కోడలు ఆఫీసుకి సెలవు పెట్టి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

ఆ ఆదివారమే, మాటలయ్యాక, పంతులమ్మగారు కాగితం తీసి మొదట్నించి చివరిదాకా చదివి వినిపించారు. మీరు చెప్పింది రాసుకుంటాం, పేరు ఎక్కడా ఉండదు, ఇష్టం లేకపోతే ఇప్పుడైనా వద్దనండి అని. సిరా డబ్బా చూడగానే నా చెయ్యి కొంగు కిందికి పోయింది. గుంటూరు మిరప కళ్లాల్లో పని చేసి పిల్లల్ని పెంచిన చెయ్యి ఇది. కారం మంటకి ఏనాడూ దాచలేదు, సిరాకి దాచాను. ఆవిడ తన సంతకం పెట్టి, దాని పక్కనే తన బొటనవేలు సిరాలో అద్ది గట్టిగా నొక్కారు. "సంతకం వచ్చినంత మాత్రాన నాకు వేలు లేకుండా పోయిందా?" అన్నారు. అప్పుడు నేనూ వేశాను.

"నా పేరెందుకుండదు? నేను దొంగతనం చేశానా?" అని కూడా అడిగాను. "అది మా పద్ధతి పెద్దమ్మగారూ. పేరు కాగితంలో ఉండదు. నోరు మీ దగ్గరే ఉందిగా, వాడండి" అన్నారు.

అలాగే ఆవిడ శిష్యులు మా ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లనీ కూర్చోబెట్టి అడిగారు. వాళ్లు పొద్దున ఆరింటికి గేటు దాటితే సాయంత్రందాకా నీళ్ల జోలికే పోరని తేలింది. మాకు ఇల్లైనా ఉంది, వాళ్లకి ఆ దారీ లేదు. సొసైటీ కమిటీ ముందు ఆ పిల్లలు మిషనుతో గోడమీద బొమ్మలు వేసి ఇదంతా చూపించారు. బాత్రూము తాళం తీస్తే పనివాళ్లు వాడి మురికి చేస్తారన్నారు సెక్రటరీగారు. పంతులమ్మగారు నన్ను లేపారు. "కాగితం చదివితే కాగితంతో వాదిస్తారు. మీరు మాట్లాడితే మనిషితో వాదించాలి" అన్నారు నా చెవిలో.

నా హిందీ సరోజినీ నగర్ బజారులో బేరాలాడి నేర్చుకున్నది. అదే చాలింది. "మీ గిన్నెలు తోమే చెయ్యి శుభ్రం, ఆ చేతికి తలుపు తీస్తే మురికా?" అన్నాను. ఆ వారమే తాళం తీశారు. తాళంచెవి వాచ్‌మన్ గదిలో మేకుకి వేలాడదీశారు. శుభ్రం చేయడానికి మనిషిని పెట్టారు. నేను పొద్దున్నే రెండు గ్లాసులు తాగి బయల్దేరడం మొదలుపెట్టాను. మంట పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. పంతులమ్మగారు పోయి పదమూడు రోజులైనా కాలేదు, మేకు మీద తాళంచెవి లేదు. తలుపుకి కొత్త తాళం. నేను ఇంటినుంచి నా ప్లాస్టిక్ కుర్చీ, చెంబెడు నీళ్లు తెప్పించుకుని, కుర్చీ ఆ తలుపు ముందు వేసుకుని కూర్చున్నాను. పనిమనుషులు నలుగురు నా వెనక నిలబడ్డారు. సెక్రటరీగారు వచ్చారు.

"మాతాజీ, మేడమ్ నహీ రహీ. ప్రాజెక్ట్ ఖతమ్." మేడమ్ లేరు కాబట్టి ఆ పనీ అయిపోయిందట.

"మేడమ్ గయీ. హమ్ నహీ గయే" అన్నాను, ఆవిడ పోయారు గానీ మేం పోలేదని. ఆ చెంబెడు నీళ్లూ ఆయన ఎదుటే గటగటా తాగేసి, "ఇప్పుడు చెప్పు బాబూ, ఎక్కడికి పోను?" అన్నాను. పాపం, ఆయన తల్లి వయసు నాది. తాళంచెవి తెప్పించారు. మళ్లీ పోతే మళ్లీ కుర్చీ వేస్తాను. ఈ మాట చదివేవాళ్లంతా గుర్తు పెట్టుకోండి.

ఆవిడ పోయినందుకు నేను ఏడవలేదని కాదు. కానీ ఏడుస్తూ కూర్చుంటే ఆవిడకి నచ్చదు.

నిన్న ఆ పిల్ల ఒక్కతే వచ్చింది. అవే ప్రశ్నలు ఏడాది తరవాత మళ్లీ అడగాలట, ఏం మారిందో చూడడానికి. మేడమ్ అలాగే అనుకున్నారట. గుమ్మంలో నిలబడి తెలుగులో, కూడబలుక్కుంటూ, "ముందు... మంచినీళ్లు ఇవ్వండి" అంది. తరవాత నేలమీద కూర్చుని కాగితం మొత్తం చదివింది. సిరా డబ్బా మూత తీసి, నాకన్నా ముందు తన వేలు అద్దింది. ఎవరూ చెప్పలేదు.

వెళ్తూ ఇంకో గ్లాసు నీళ్లు తాగింది. స్టీలు గ్లాసు మీద నీలంగా బొటనవేలి గుర్తు పడింది. కోడలు తోమడానికి తీయబోతే, ఇవాళ్టికి ఉండనీ అన్నాను.