మున్నురుగు

సాయంత్రమయ్యేసరికి ఫిలిప్ గొంతు మారిపోతుంది. పగలంతా ఇంట్లో గరుకుగా తిరిగే ఆ గొంతు, ఫోను చెవిన పెట్టుకోగానే నీళ్లు పెట్టిన మడిలా మెత్తబడుతుంది.

"ఇష్రత్ గారండీ, నేనండీ, పటమట ఫిలిప్‌నండీ. చిన్న సందేహమండీ."

ఆ 'అండీ'లు ఒక్కొక్కటీ వంటింట్లోకి వచ్చి అతని భార్య తెరేసమ్మకు గుచ్చుకుంటాయి.

థర్మల్ స్టేషన్ ఆఫీసులో రిటైరయ్యాక ఫిలిప్‌కి కాలవ మాటల పిచ్చి పట్టింది. డెల్టాలో నీటి చుట్టూ తిరిగే మాటలన్నీ ఏరి, ఏది ఎక్కడిదో తేల్చి ఒక వ్యాసం రాయాలని కోరిక. తేల్చడం తన వల్ల కాక, హైదరాబాదులో భాషాశాస్త్రం చెప్పే ఇష్రత్‌ను ఎవరి ద్వారానో పట్టుకున్నాడు. ఆమె విసుక్కోదు. లస్కరు అనే మాట ఫారసీ సైన్యంలోంచి బయల్దేరి, ఓడలెక్కి దిగి, చివరికి మన లాకుల మీద తలుపులెత్తే ఉద్యోగంలో చేరిందని ఆమె చెబుతుంటే ఫిలిప్ అన్నం చల్లారబెట్టుకుని వింటాడు.

అలాంటి ఒక లస్కరు కూతురే తెరేసమ్మ. తండ్రి లాజరు బతుకంతా బందరు కాలవ లాకుల మీదే గడిచింది. ఆ గట్టు మీదే ఆమె జడ వేసుకుంది, బడికి నడిచింది, పెళ్లిచీర ఆరేసుకుంది. నీటి చప్పుడు ఆగితే ఆమెకు నిద్ర పట్టేది కాదు. ఇన్నేళ్ల కాపురంలో ఫిలిప్ ఆమెను అడిగినవి మాత్రం కూరేంటి, కళ్లజోడేది, కరెంటెప్పుడొస్తుంది.

ఇష్రత్‌ను ఒకసారి వీడియోకాల్‌లో చూసింది. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. తన ఈడుదే కావచ్చు. అనుమానించడానికి ఏమీ లేదు. అదే ఇంకా మండించింది. అందాన్ని చూసి కుళ్లుకుంటే పక్కింటివాళ్లకైనా చెప్పుకోవచ్చు. ఆమెను అడుగుతున్నాడు, నన్ను అడగడం లేదని ఎవరికి చెప్పుకోవాలి?

జూన్‌లో కాలవకి నీళ్లు వదిలారు. ఎండిన అడుగు మీద చెత్తనీ ఆకుల్నీ నెట్టుకుంటూ, నీటికన్నా ముందు పరిగెత్తే మురికి నురుగుని చూసొచ్చాడు ఫిలిప్.

"దీనికి పేరుంటుందా? ఇష్రత్ గారినే అడగాలి," అన్నాడు గోడతో అన్నట్టు.

స్టవ్ మీద కందిపప్పు మొదటి పొంగు పొంగుతోంది. గరిటెతో నురుగు తీస్తూ తెరేసమ్మ అనేసింది. "ఆవిణ్ణెందుకూ? మా నాన్న మున్నురుగు అనేవాడు."

ఫిలిప్ వంటింట్లోకి వచ్చాడు. "ఏంటీ? మళ్లీ అను."

"మున్నురుగు."

"మును, నురుగు, మున్నురుగు! ఇంత మాట ఇంట్లో పెట్టుకుని చెప్పవేంటే?"

"అడిగారా?"

మర్నాటి నుంచి అతని కుర్చీ వంటింటి గుమ్మంలోకి జరిగింది. మీ నాన్న ఎప్పుడనేవాడు? ఎలా అనేవాడు? మీ అమ్మా అనేదా? ఆమె ఒక్కొక్కటే చెప్పింది. 'మున్నురుగొచ్చిందిరా, తలుపులెత్తండి' అని తండ్రి కేకేసేవాడంది. అబద్ధానికి ముందు గొంతు వచ్చింది, తర్వాత ఒక మబ్బు పట్టిన ఉదయం వచ్చింది, చివరికి భుజం మీద ఎర్ర తువ్వాలు కూడా వచ్చింది. తెరేసమ్మ ఇంత మాట్లాడటం ఇంటి గోడలు ఎన్నడూ వినలేదు.

ఒక సాయంత్రం ఫిలిప్ వ్యాసం చదివి వినిపించాడు. "అపురూపమైన ఈ మాటను మనకు మిగిల్చినవారు లాకు లస్కరు, కీర్తిశేషులు లాజరు గారు."

ఆమె చేతిలో గరిటె ఆగింది. లాజరు తక్కువ మాటల మనిషి. కొలబద్ద మీద నీరు ఎంతుంటే అంతే చెప్పేవాడు. రైతులు బతిమాలినా, అధికారి కసిరినా అంగుళం కలిపేవాడు కాదు. అలాంటివాడి నోట్లో తానొక మాట పెట్టింది.

"నాన్న పేరు తీసేయండి."

"ఎందుకే? ఆయనకి గౌరవమే కదా."

"ఆయన అనలేదు. నేనే అన్నాను. పప్పు పొంగుతుంటే చూసి అన్నాను."

ఫిలిప్ కళ్లజోడు తీశాడు. "మరి ఆ కేక?"

"అదీ నేనే."

"తువ్వాలు?"

"తువ్వాలు నిజం."

"ఇంక ఇష్రత్ గారికి ముఖమెలా చూపించను?"

"చూశారా? ఇప్పుడూ ఆవిడే!"

ఫిలిప్ ఫోను చేసి, స్పీకరు పెట్టి, తడబడుతూ సంగతంతా చెప్పాడు. అవతల నవ్వు వినిపించింది.

"మీరు మొన్న ఆ మాట చెప్పినప్పుడే నాకు అనుమానం వచ్చిందండీ. మిగతా లాకుల దగ్గర వాకబు చేయిస్తే ఎవరూ వినలేదన్నారు. వ్యాసంలోంచి ఆ వాక్యం తీసేయండి. కానీ ఫిలిప్ గారూ, మాటలు దొరుకుతాయి గానీ, మాట పుట్టించిన మనిషి మాకు దొరకరండీ. ఒకసారి తెరేసమ్మగారికి ఇవ్వరూ?"

ఫిలిప్ ఫోను చాచాడు. తెరేసమ్మ కొంగుకి చెయ్యి తుడుచుకుని అందుకుంది. 'తొలి' అనకుండా 'మును' ఎందుకన్నారని ఇష్రత్ అడిగింది.

"తొలి అంటే మెత్తగా ఉంటుందండీ. ఆ నీళ్లు మెత్తగా రావండీ, తోసుకునొస్తాయి." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

గుమ్మంలో కుర్చీ కిర్రుమంది. ఫిలిప్ లేచాడు. ఫ్రిజ్ తెరిచాడు, ఏమీ తీయకుండా మూశాడు.

"అన్నం పెడతావా, పెట్టవా?"

ఆగమని చేత్తో సైగ చేసి, తెరేసమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"మీరు అడగండి, ఇష్రత్ గారండీ."