బియ్యం డబ్బా మీద సర్వర్

దర్ముజీ గొంతు పెంచకుండా గెలిచిన తగాదా ఒకటి ఉంది. వగీరా దాన్ని మొదటినుంచి చివరిదాకా చూసింది. జావాలోని సోలో ఊళ్ళో ఆవిడ పెచెల్ బండి ఫోన్ల రిపేరు కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఉడికించిన ఆకుకూర మీద వేరుశనగ పచ్చడి పోస్తూనే లోకాన్నంతా చూసే కళ్ళు ఆవిడవి.

"తుడిచేస్తేగానీ ఈ ఫోను బాగుపడదు పాక్," అన్నాడు కొట్టు యజమాని రెంద్రా. పాక్ అంటే అయ్యా అన్నట్టు. "లోపలున్నవన్నీ పోతాయి. ఫోను మాత్రం కొత్తదానిలా పనిచేస్తుంది."

"ఫోను నాకక్కర్లేదు. లోపలున్నవి తియ్యి."

"కుదరదంటున్నాగా!"

"సరే. ఉంటాను," అని దర్ముజీ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాడు.

గంట గడిచింది. వచ్చినవాళ్ళు అతన్ని తప్పించుకుని గల్లాపెట్టె దగ్గరికి పోలేక వెనక్కి తిరిగిపోతున్నారు. "ఇక్కడే కాపురం పెడతారా ఏమిటి?" అన్నాడు రెంద్రా. దర్ముజీ స్టూలును ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.

వగీరా గరిటె పక్కన పెట్టింది. "ఒరే రెంద్రా, ఈయన పెళ్ళాం సులాసీ పోయి పన్నెండు రోజులైంది. ఆయన కోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు లేరు. నువ్వు కొట్టు మూసేదాకా కూర్చుంటాడు, రేపు తెరిచేసరికీ ఆ స్టూలు మీదే ఉంటాడు. నీ బేరం నీ ఇష్టం."

మూడో గంటలో రెంద్రా తిట్టుకుంటూ వేరే ఫోను విప్పి అందులోని భాగమొకటి దీనికి తగిలించాడు. లోపలున్నవి బయటికొచ్చాయి. సులాసీ మాటలు, నాలుగు వందల పన్నెండు. ఆవిడకు చదువు రాదు, అందుకే ఏం చెప్పాలన్నా ఫోన్లో మాట్లాడి పంపేది. మిల్లులో డ్యూటీలో ఉన్న మొగుడికి తోఫు తెమ్మని, నీళ్ళ మోటారు మళ్ళీ అరుస్తోందని, గొడుగు మర్చిపోయావని.

"వీటిని కంపెనీవాళ్ళ దగ్గర దాచుకోండి," అన్నాడు రెంద్రా. "నెలనెలా కొంచెం కట్టాలి, అంతే."

"ఎవరింట్లో ఉంటాయవి?"

"ఇల్లేమిటి పాక్, కంపెనీ. ఎక్కడో ఉంటుంది."

"గేటుకి తాళం వేస్తే?"

రెంద్రా నవ్వాడు. వగీరాకు మాత్రం నవ్వు రాలేదు. ఇరవై ఏడేళ్ళు దర్ముజీ మగ్గాలు బాగుచేసిన మిల్లుకు ఒకరోజు పొద్దున్నే తాళం పడింది. అతని పనిముట్ల పెట్టె ఇప్పటికీ లోపలే ఉంది. ఎన్ని అర్జీలు పెట్టినా గేటు మాత్రం తెరుచుకోలేదు.

అతను ఆ ఫోను అక్కడే అమ్మేసి హార్డ్ డిస్క్ కొన్నాడు, మాటలన్నీ అందులోకి ఎక్కించుకున్నాడు. సహకార సంఘంవాళ్ళు మూల పడేసిన లాప్‌టాప్ ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. దాని తెర పగిలిపోయింది, బ్యాటరీ ఉబ్బిపోయింది. తెర స్థానంలో ఇంట్లోని పాత టీవీని రౌటరు ద్వారా కలిపాడు. బ్యాటరీ తీసి పారేశాడు. ఇంటర్నెట్ తీగ వచ్చేది, ప్లగ్గు ఖాళీగా ఉండేది వంటింట్లోనే, అందుకని దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టాడు. ఆ పేటలో మొదటి సర్వర్ అదే.

వగీరా రోజూ మిగిలిన కూర తెచ్చి, కాసేపు గుమ్మంలో కూర్చునేది. వయసులో పెద్దది కాబట్టి అతను ఆవిణ్ణి 'యు' అనేవాడు, అక్కా అన్నట్టు. మగ్గం విప్పినట్టే పని చేసేవాడు. ఒక్కసారికి ఒక్కటే మార్చడం, నడుస్తుందో లేదో చూడటం, నోటుబుక్కులో రాసుకోవడం. ఇంగ్లీషు ముక్క రాదు. రాని మాటకు ఎదురుగా అది చేసిన పని రాసుకునేవాడు. మొదటి వారమంతా ఒకటే తంటా. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటరు ఆ యంత్రానికి కొత్త నంబరు ఇచ్చేది. ఇంక టీవీలోంచి అది ఎక్కడుందో కనపడేది కాదు.

"పూటకో ఇంటి నంబరు మార్చేవాడికి ఉత్తరమెలా వస్తుంది?" అంది వగీరా.

దర్ముజీ ఆవిడకేసి చూశాడు. ఆ రోజే నంబరు మారకుండా బిగించాడు. పని అయిందని సంతోషించినట్టు కనపడలేదు. కూర తిన్నాడు, గిన్నె కడిగి ఇచ్చాడు.

"ఏదీ, సులాసీ మాట ఒకటి వినిపించు."

"అన్నీ ఉన్నాయి యు. లెక్క సరిపోయింది."

"లెక్క ఎవడడిగాడయ్యా? వినిపించమన్నాను."

అతను టీవీ ఆపేశాడు. ఆ తర్వాత ఆవిడ అడగలేదు. నలభయ్యో రోజు గడిచింది, వందో రోజు గడిచింది, ఏడాది తిరిగింది, రెండేళ్ళు తిరిగాయి. వీధిలోవాళ్ళు తమ పెళ్ళి ఫోటోలు కూడా అందులో పెట్టమని వచ్చారు. నాదే ఇంకా కుదురుగా నిలబడలేదని పంపించేశాడు. పొద్దున్నే సర్వర్ దీపం ఆకుపచ్చగా ఉందా అని చూసేవాడు. ఉంటే పళ్ళు తోముకోవడానికి వెళ్ళేవాడు. ఒక్కసారి కూడా ఏ మాటా వినలేదు.

సులాసీ పోయి వెయ్యో రోజు వచ్చింది. అక్కడి ఆచారం ప్రకారం ఆ రోజున వీధంతా కలిసి వండాలి. సాయంత్రం మగవాళ్ళు వచ్చి ప్రార్థన చదివి, అన్నం పొట్లాలు పట్టుకెళ్తారు. మధ్యాహ్నానికే దర్ముజీ వంటిల్లు ఆడవాళ్ళతో నిండిపోయింది. పెత్తనం వగీరాది. కొబ్బరిపాల అన్నానికి ఎవరింటి రైస్ కుక్కరు వాళ్ళు తెచ్చారు.

ఆ వీధిలో అన్నీ తొమ్మిది వందల వాట్ల మీటర్లే, అంతకు మించి వాడితే మీటరు పడి కరెంటు పోతుంది. మోటారు తిరుగుతుంటే కుక్కరు పెట్టకూడదు, కుక్కరు ఉడుకుతుంటే ఇస్త్రీ చెయ్యకూడదు. పెట్టేముందు ఒక కేక వెయ్యడం అక్కడి పద్ధతి. ఇంట్లో ఇద్దరుంటే కేకతో సరిపోతుంది. పదహారుమంది ఉన్నప్పుడు ఎవరి కేక ఎవరికీ వినపడలేదు.

మూడో కుక్కరుకు ప్లగ్గు లేదు. వగీరా బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి అక్కడున్న ప్లగ్గు లాగేసి, కుక్కరుది దూర్చింది. టప్పున మీటరు పడిపోయింది.

"మోటారెవరు వేశారే?"

"బిందెల్లో నీళ్ళు లేవు బూదె, నేనే!" అని వగీరాను పెద్దమ్మ వరసతో పిలుస్తూ అరిచింది ఒకావిడ.

"నీళ్ళు తర్వాత తాగొచ్చు, ముందు అన్నం ఉడకనీ!"

సర్వర్ ప్లగ్గు గుర్తొచ్చి వగీరా దాన్ని మరో మూల తగిలించింది. మీటరు ఎత్తారు, మళ్ళీ పడింది. అలా నాలుగుసార్లు. నాలుగోసారి కరెంటు వచ్చాక డబ్బా మీదున్న డిస్కులోంచి టిక్కుటిక్కుమని చప్పుడు మొదలైంది. బల్లి అనుకుంది సుమీ అనే పక్కింటి పిల్ల. దర్ముజీ పెరట్లోంచి వచ్చి, నిలబడి, విన్నాడు. ప్లగ్గు తీసేశాడు. మళ్ళీ పెరట్లోకి వెళ్ళి చాపలు దులిపాడు. సాయంత్రం వచ్చినవాళ్ళందరికీ రెండు చేతులతో పొట్లాలు అందించాడు. వగీరాకు ఆ రోజు కోడికూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా తెలియలేదు.

తొమ్మిది రోజులు అతను ఆ డిస్కు ముందు కూర్చున్నాడు. కాసేపు నడిపించడం, చల్లారనివ్వడం, చిక్కినంత తీసుకోవడం. పదోరోజు తనే పెచెల్ బండి దగ్గరికి వచ్చాడు, చేతిలో సబ్బుపెట్టెంత నల్ల డబ్బాతో.

"రెండు వందల ఎనభై ఏడు వచ్చాయి," అన్నాడు.

వగీరా ఆకులో అన్నం పెట్టబోయి ఆగింది. ఆవిడ జన్మలో ఎవరికీ తప్పు ఒప్పుకోలేదు. "ప్లగ్గు లాగింది నేను."

"తెలుసు. ఆ మూల చెయ్యిపెట్టే ధైర్యం మీకు తప్ప ఎవరికుంది?"

"మరి తిట్టవేం?"

"రెండో కాపీ కూడా ఆ డిస్కులోనే పెట్టాను యు. తాళంచెవి, మారు తాళంచెవి ఒకే జేబులో వేసుకున్నట్టు. మీటరు పడకపోయినా ఎప్పుడో పోయేది."

"పోయినవాటిలో ఏమున్నాయి?"

"తెలియదు. మళ్ళీ ఒక్కటీ వినలేదు కదా."

రెంద్రా కొట్టులోంచి తొంగిచూసి, లోపలికి వెళ్ళిపోయాడు. దర్ముజీ నల్ల డబ్బాను వేరుశనగ పచ్చడి గిన్నె పక్కన పెట్టాడు. దాని మీద ఒకే ఒక్క మీట ఉంది. దాని చుట్టూ ఆకుపచ్చ రంగు పూశాడు.

"వచ్చినవాటి రెండో కాపీ ఇది, మీ ఇంట్లో ఉండాలి. మీ మీటరు వేరు, నా మీటరు వేరు. ఎవరు కుక్కరు తెచ్చినా ఈ ప్లగ్గు లాగొద్దు."

"లాగితే నా చెయ్యి విరిచేసుకుంటా. ఇంకా?"

"దాచి ఊరుకుంటే ఉన్నట్టు కాదని తెలిసింది. పొద్దున్నే ఒకసారి మీట నొక్కండి. ఒక్క మాటే వస్తుంది. రేపు నొక్కితే ఆ తర్వాతది. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటినుంచి." అతను డబ్బాను ఒక వేలితో ఆవిడ వైపు జరిపాడు. "మీరు వినండి యు. ఏమందో నాకు చెప్పొద్దు. గొంతు వచ్చిందో లేదో, అదొక్కటే చెప్పండి."