నిదానం టీచరుకి వచ్చిన మార్కులు

డ్రైవింగ్ స్కూల్లో ఆవిడకి పడిన పేరు నిదానం టీచరు. ఎవరు పెట్టారో తెలియదు కానీ, ఆవిడ పక్కన కూర్చుని ఒక్క పాఠమైనా నేర్చుకున్నవాళ్ళే పెట్టి ఉంటారు. కారు కదలకముందే "నిదానం" అనేది. కదిలాక "నిదానం నాయనా" అనేది. ఎదురుగా లారీ కనిపిస్తే "నిదానం, నిదానం, నిదానం" అంటూనే తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు తొక్కేసేది. ఊళ్ళో స్టీరింగు పట్టినవాళ్ళలో సగం మంది ఆవిడ చేతి కింద నేర్చుకున్నవాళ్ళే. బ్యాంకు మేనేజరు, చేపలమ్మే ఆవిడ, పళ్ళ డాక్టరు, ఆఖరికి పెద్ద కూడలిలో నిలబడే ట్రాఫిక్ పోలీసు కూడా. స్కూలు కారు కనబడితే చాలు, ఆ పోలీసు ఇప్పటికీ నడుం నిటారుగా పెట్టుకుంటాడు.

ఇదంతా పగటి సంగతి. సాయంత్రం స్కూలు కారు తాళాలు గోడకి తగిలించి తన సొంత ఎర్ర కారు ఎక్కిందంటే ఆవిడ వేరే మనిషి. పొద్దస్తమానం ఇతరుల పాదాలకి కాపలా కాసి, బ్రేకు మీదే బతికిన కాలు కదా, అప్పటికి దానికి విముక్తి. మలుపులు కోసేసి, పసుపు దీపం ఎర్రబడేలోగా రెప్పపాటులో దాటేసి, ఊరి చివర గూడ్సు యార్డు పక్కనున్న ఖాళీ స్థలానికి చేరేది. అక్కడ కారాపి, అద్దాలన్నీ పైకెక్కించి, పాడేది.

ఆవిడ గొంతు గురించి అబద్ధం దేనికి? బొంగురు. శ్రుతిది ఒక దారి, ఆవిడది ఒక దారి. చిన్నప్పుడు బడిలో పాటలు నేర్పే మేడమ్ "నువ్వు ఊరికే పెదాలు కదుపమ్మా, చాలు" అందట. అప్పటినుంచీ నలుగురిలో ఆవిడ పెదాలు కదపడమే. యార్డు దగ్గర మాత్రం గూడ్సు బండి ధడధడమని పోతుంటే దాంతో పోటీపడి గొంతెత్తేది. బండి వెళ్ళిపోయాక మొహం తుడుచుకుని, జుట్టు సర్దుకుని, ఏమీ ఎరగనట్టు ఇంటికి వచ్చేది. ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఆవిడ భర్తకి బజార్లో కళ్ళజోళ్ళ షాపుంది. మంచి మనిషి. ఒక్కటే బలహీనత, డిస్కౌంటు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే విషమైనా రెండు సీసాలు తెస్తాడని ఇంట్లో ఉన్న కన్నతల్లే అనేది. ఆ ఏడాది కారు ఇన్సూరెన్స్ కట్టే సమయానికి ఏజెంటు షాపుకి వచ్చి, అగ్గిపెట్టెంత నల్లడబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు. దాన్ని కారు ముందద్దానికి లోపలివైపు అంటిస్తే, బండి ఎలా నడుస్తోందో కంపెనీకి అదే చెబుతుందట. జాగ్రత్తగా నడిపితే ప్రీమియంలో మంచి తగ్గింపు.

ఆ సాయంత్రం ఆయన డబ్బాని నగల పెట్టెలా రెండు చేతులతో పట్టుకుని ఇంటికి తెచ్చాడు.

"ఊరందరికీ డ్రైవింగ్ నేర్పేదానివి, నీకు కాక ఇంకెవరికొస్తుంది తగ్గింపు?" అన్నాడు.

"మన కారు తిరిగేదే కాస్త దూరం. దానికి ఇదంతా ఎందుకండీ?" అందావిడ.

"కాస్త దూరమేగా, మరి భయం దేనికి?"

వద్దంటే నిదానం టీచరు పరువు పోతుంది, సరేనంటే ఎర్ర కారు గుట్టు పోతుంది. పరువే గెలిచింది. డబ్బా అద్దానికి అతుక్కుంది.

మొదటి వారం మార్కులు ఆయన ఫోన్లోకి వచ్చాయి. రాత్రి భోజనాల దగ్గర కళ్ళజోడు పైకి జరుపుకుని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు.

"వందకి నలభై మూడు."

"ఎవరికి రా?" అంది తల్లి.

"టీచరుకి."

అత్తగారు కోడలి మొహం కేసి, కొడుకు మొహం కేసి చూసి, "ఫరవాలేదులే, మనవాడికి లెక్కల్లో అంతకంటే తక్కువే వచ్చేవి. షాపు నడపడం లేదూ?" అని ఓదార్చింది.

ఆయన చదువుకుంటూ పోయాడు. "హఠాత్తుగా బ్రేకు, చాలాసార్లు. మలుపులో వేగం, చాలాసార్లు. సరే, అది అలా ఉంచు. రోజూ గూడ్సు యార్డు పక్కన ఆగుతోందేంటి కారు?"

ఆవిడ కూర గిన్నె దగ్గరికి జరుపుకుంది. "ఇంజను వేడెక్కుతోంది. కాసేపు చల్లారనిస్తాను."

మర్నాడు పొద్దున్నే మెకానిక్ ఇంటి ముందు ప్రత్యక్షం. ఇంజను విప్పి చూసి, "బంగారంలా ఉందండీ" అన్నాడు. బంగారం అన్నందుకు అతని మీద ఆవిడకి ఎంత కోపం వచ్చిందో!

అక్కడితో మొదలైంది. బజారు మీదుగా కాకుండా పక్క వీధిలోంచి వస్తే ఫోను: "అటు తిరిగావేం?" పూలమొక్కల దుకాణం దగ్గర ఆగితే ఫోను: "ఏమైనా కొంటున్నావా?" ఆయనకి అనుమానమేమీ లేదు పాపం. తెర మీద ఒక చుక్క కదులుతుంటే చూడకుండా ఉండలేకపోయేవాడు, అంతే. ఆ డబ్బా ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. దాన్ని ఎదురుగా పెట్టుకుని తిరగడం చంకలో పిల్లిని పెట్టుకుని శుభకార్యానికి వెళ్ళినట్టుంది ఆవిడకి. యార్డుకి వెళ్ళడం మానేసింది. పాట మానేసింది. స్కూలు నుంచి ఇంటికి, ఇంటి నుంచి స్కూలుకి.

లోపల ఆగిపోయిన పాట ఊరుకుంటుందా, చిరాకై బయటికొచ్చింది. ఒకరోజు కొత్తగా నేర్చుకుంటున్న బట్టల షాపాయన ఒద్దికగా కారు తోలుతుంటే, "అబ్బ, తొందరగా పోనివ్వవయ్యా!" అని అరిచింది. నిదానం టీచరు నోట ఆ మాట విన్న అదిరిపాటుకి ఆయన కారుని తిన్నగా తీసుకెళ్ళి కాలిబాట మీదికెక్కించాడు. టైరు పేలింది. స్కూలంతా ఆవిడకేదో జబ్బు చేసిందనుకున్నారు.

ఆ రోజుల్లోనే పెట్రోలు బంకు దగ్గర పాత శిష్యుడు కలిశాడు. ఊళ్ళో శవాల బండి నడిపేది అతనే. ఆవిడ శిష్యుల్లో నిదానమన్న మాటని ఒంట పట్టించుకున్నవాడు ఇతనొక్కడే. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. బండెక్కేవాళ్ళు ఎలాగూ నవ్వలేరు, వాళ్ళ వాటా కూడా నేనే నవ్వాలి అంటాడు.

"అలా చిక్కిపోయారేంటి టీచరుగారూ?"

ఆవిడ అద్దానికున్న డబ్బా చూపించింది. పాట సంగతి చెప్పలేదు కానీ మిగతాదంతా చెప్పింది.

అతను డబ్బాని పిచ్చుక పిల్లని చూసినట్టు తల వంచి చూశాడు. "నా బండికి అంటించండి."

"ఏమిటి?"

"నా అంత మెల్లగా ఈ ఊళ్ళో ఎవరు తోలతారు? బ్రేకు గట్టిగా తొక్కితే వెనకాల పెట్టె జరుగుతుంది. నా ప్యాసింజర్లకి తొందర లేదు. ఇంతవరకూ ఒక్కరూ కంప్లయింట్ చెయ్యలేదు."

తప్పు కదా అనుకుంది ఆవిడ. అనుకుంటూనే డబ్బా ఊడదీసి అతని చేతిలో పెట్టింది. ఆ సాయంత్రం యార్డులో రెండు గూడ్సు బండ్లు వెళ్ళిపోయినా ఆవిడ పాట ఆపలేదు.

తరవాతి వారం మార్కులు తొంభై ఎనిమిది. భర్తకి కాళ్ళు నేల మీద ఆనలేదు. కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి వచ్చినవాళ్ళ చేత ముందు అక్షరాలు చదివించేవాడు, తరవాత తన ఫోను చదివించేవాడు. "మా ఆవిడ. తొంభై ఎనిమిది. ఏం, కనబడుతోందా?" మార్కుల మోజులో ఆ చుక్క తిరిగే పటం వైపు చూడటమే మానేశాడు.

పటాన్ని చూసేవాళ్ళు వేరే ఉన్నారు. పాలసీ కాగితాల అడుగున చీమల బారులా ఉండే అక్షరాల్లో, మీ వివరాలు మా భాగస్వాములకి కూడా తెలియజేస్తాము అని ఉందట. ఆ భాగస్వాములు ఇంటికి ఫోన్లు మొదలుపెట్టారు. మొదటి ఫోను అత్తగారే ఎత్తింది.

"నమస్కారమండీ. మీ ఇంట్లో పెద్దావిడ పరిస్థితి ఎలా ఉందండీ?" అందొక మెత్తని గొంతు.

"పెద్దావిడని నేనే. బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావు బాబూ?"

అవతలివాడు, "సమాధి రాళ్ళ మీద మంచి తగ్గింపు ఉందని చెబుదామని..." అంటూ నీళ్ళు నమిలాడు.

మర్నాడు పూలదండలవాళ్ళు. ఆ మర్నాడు వీలునామాలు రాసే లాయరు. తరవాత దుఃఖాన్ని దిగమింగుకోవడం ఎలాగో ఫోన్లోనే నేర్పుతామన్న ఒకావిడ. అందరూ గొంతు తగ్గించి, జాలిగా మాట్లాడేవాళ్ళే. అత్తగారికి వంట్లో నలతగా కూడా లేదు. కానీ ఇంతమంది ఒక్కమాట మీద అడుగుతుంటే ఎవరికైనా ఓసారి నాడి చూసుకోవాలనిపిస్తుంది. ఆవిడ చూసుకుంది. ఆ తరవాత కొడుకు స్నానానికి వెళ్ళినప్పుడు అతని ఫోను కూడా చూసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్దావిడ గ్లాసు కింద పెట్టి, "అమ్మాయ్, నీడ ఉన్న వైపు చూడవే. నాకు ఎండ పడదు" అంది.

"దేనికి అత్తయ్యా?"

"దేనికేంటి? ఆసుపత్రికీ శ్మశానానికీ రోజూ తిరుగుతున్నావుగా, నా కోసం స్థలం చూడటానికి! ఇంత త్వరగా అనుకోలేదు గానీ, చూసేదేదో మంచిది చూడు. గోడ పక్కన వద్దు, బస్సుల మోత."

కోడలికి పొలమారింది. భర్త ఫోను లాక్కుని పటం తెరిచాడు. ఆసుపత్రి, శ్మశానం. శ్మశానం, ఆసుపత్రి. నిన్న ఒక్కరోజే మూడుసార్లు శ్మశానం.

"ఏంటిది?" అన్నాడు, రంగు వెలిసిన మొహంతో.

"ఆ యంత్రం పాడైనట్టుంది" అని, ఆవిడ కంచం తీసుకుని తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన షాపు మూసి, ఫోన్లో చుక్కని చూసుకుంటూ బస్సెక్కి శ్మశానం గేటు దగ్గర దిగాడు. చుక్క లోపలుంది. లోపల నల్లబట్టల్లో జనం ఉన్నారు. భార్య కోసం వాళ్ళ మధ్యన వెతుకుతుంటే, ఎవరో ఆయన చేతిలో ఒక పువ్వు పెట్టారు. ఒక ముసలాయన గట్టిగా కావలించుకుని, "చాలా మంచివాడు బాబూ, చాలా మంచివాడు" అని భుజం తడిపేశాడు. పోయినవాడెవరో తెలియకపోయినా ఈయనకీ కళ్ళు చెమర్చాయి. అలా కళ్ళు తుడుచుకుంటూ తలెత్తితే, ఎదురుగా శవాల బండి. దాని ముందద్దానికి నల్లడబ్బా.

డ్రైవరు తలుపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఈయన చూపు ఎక్కడాగిందో గమనించి నవ్వు మింగేశాడు.

"ఇది మా కారుది కదూ?"

"అవునండీ."

"మరి మా ఆవిడ సాయంత్రాలు ఎక్కడికి వెళుతోంది?"

"నాకు తెలియదండీ. తెలిసినా చెప్పను. ఆవిడ నా గురువు" అన్నాడు. డబ్బా ఊడదీసి, చొక్కాకి తుడిచి ఇచ్చాడు. "మార్కులు మాత్రం నావేనండీ. అది గుర్తుంచుకోండి."

సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చేసరికి డబ్బా భోజనాల బల్ల మధ్యలో ఉంది. చెరోవైపు తల్లీకొడుకులు కూర్చున్నారు. ఇక దాచి లాభం లేదు. ఆవిడ చేతిసంచీ కూడా దించకుండా చెప్పేసింది.

"పాడుకోవడానికి వెళతాను. యార్డు దగ్గరికి."

"పాడుకోవడానికా?" ఆయనకి అర్థం కాలేదు. ఏవేవో అనుకుని గుండె దిటవు చేసుకుని కూర్చున్నాడు కానీ, ఇది ఆ జాబితాలో లేదు. "ఇంట్లో పాడుకోవచ్చుగా?"

"మీరు వింటారుగా."

"వింటే ఏం? బాగా పాడతావా?"

"లేదండీ. ఘోరంగా పాడతాను." ఆవిడ అప్పుడు చేతిసంచీ దించింది. "పొద్దున్నుంచీ నలుగురి ప్రాణాలు నా కాలి కిందే ఉంటాయి. ఇంటికొస్తే మీరిద్దరూ ఉంటారు. మధ్యలో ఆ కాసేపు నన్నెవరూ చూడరు. అంతకంటే అక్కడేమీ లేదు."

ఆయన డబ్బాని ఇటూ అటూ తిప్పాడు. ఎప్పుడు అడిగినా తొందరపడి అడిగే మనిషి, ఈసారి తొందరపడలేదు. "నేను రోజూ ఫోన్ చేసి ఎక్కడున్నావని అడిగితే నీకు కష్టంగా ఉండేదా?"

"ఉండేది."

"చెప్పొచ్చుగా?"

"చెబితే ఎందుకని అడుగుతారు. అప్పుడు పాట సంగతీ చెప్పాలి."

అత్తగారు పైకి చూస్తూ లెక్కేసుకుంటోంది. "అయితే నా కోసం స్థలం చూడటం లేదన్నమాట" అంది. ఆ గొంతులో ఊరటే ఎక్కువుందో, కాస్త నిరాశ కూడా ఉందో చెప్పడం కష్టం.

మర్నాడు టీచరే కంపెనీకి ఫోన్ చేసి, డబ్బా వెనక్కి ఇచ్చేస్తామంది.

"అయ్యో మేడమ్!" అంది అవతలి అమ్మాయి. "ఈ ప్రాంతం మొత్తానికి మీకే ఎక్కువ మార్కులు. మీ ఫోటో మా ప్రకటనలో వేద్దామని అనుకుంటున్నాం!"

"ఆ మార్కులు నావి కావమ్మా. శవాల బండివి."

కీబోర్డు టకటకలు ఆగిపోయాయి. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "మేడమ్, ఆ డ్రైవరు నంబరిస్తారా? ప్రకటనలో ఆయన ఫోటోనే వేద్దామని మా మేనేజరుకి చెబుతాను" అంది.

తగ్గింపు పోయింది. అంతవరకూ తగ్గించినదానికి పైన మరికాస్త కట్టించుకున్నారు కూడా. ఆ తరవాత రెండు రోజులూ ఆయన షాపులో ఎవరికీ బేరం తగ్గించలేదు. మూడో రోజుకి సర్దుకున్నాడు. భార్య ఆలస్యంగా వస్తే చెయ్యి ఫోను మీదికి పోతుంది. వెనక్కి తీసుకుని, ఎవరివో ఒకరి కళ్ళజోడు అద్దాలు తుడుస్తాడు. ఆ షాపులో అద్దాలు ఇప్పుడంత శుభ్రంగా ఎప్పుడూ లేవు.

డబ్బా వెనక్కి పోయింది కానీ, అది మోసిన కబుర్లు వెనక్కి రాలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఫోన్లు వస్తూనే ఉన్నాయి. వాటి పని అత్తగారు పట్టింది. సమాధి రాళ్ళబ్బాయితో ఆవిడకి బేరం కుదరడం లేదు. నల్లరాయి అయితే తన రంగుకి నప్పదంటుంది. అక్షరాలు చిన్నవైతే వచ్చినవాళ్ళకి కళ్ళజోడు కావాలి, మా వాడి షాపు చిరునామా కూడా కింద చెక్కుతావా అంటుంది. మొన్న, మనిషి బతికుండగానే రాయి తీసుకుంటే ఇంకెంత తగ్గిస్తావని అడిగింది. వాడు వాళ్ళ యజమానిని అడిగి చెబుతానన్నాడట.