కిటికీ పక్కన కూర్చున్నది సుగుణక్క కాదు

తలకేమీ ఎక్కడం లేదని ఏడో తరగతిలోనే నన్ను బడి మానిపించారు. అప్పట్నుంచి పరాయి తలల మీద బతుకుతున్నాను. హైదరాబాదు పాతబస్తీ హుస్సేనీ ఆలంలో నాది కటింగ్ షాపు. నవ్వండి, ఫరవాలేదు. నవ్వించడమే నా అసలు వ్యాపారం. కానీ ఏళ్ల తరబడి ఒక మాట గుండె మీద కూర్చుని ఉంది. దించుదామంటే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

మా గల్లీలో ఒక రచయిత ఉండేవారు. కోస్తా నుంచి వచ్చిన గవర్నమెంటు ఉద్యోగి. ఆయన నవల ఇప్పుడు కాలేజీల్లో పాఠం. అందులో ఒకామె కిటికీ దగ్గర కూర్చుని, వస్తానని రాని ప్రియుడి కోసం చూస్తూనే ఉంటుంది. దాన్ని రాసే రోజుల్లో ఆదివారం పూట నా కుర్చీలో కూర్చుని కొత్త పేజీలు చదివి వినిపించేవారు. నా కత్తెర ఆగితే ఆ పేజీ బాగున్నట్టు ఆయన లెక్క. ఒకరోజు ఆయనే ఆగిపోయారు.

"ఈమె ప్రేయసి కాదోయ్. మా చెల్లెలు. మతి చెడితే ఆసుపత్రిలో చేర్పించి, రేపొస్తానన్నాను. కిటికీలోంచి చూస్తూనే ఉంది. మళ్లీ వెళ్లలేదు."

"మరి లవర్ అని ఎందుకు రాసిన్రు సార్?"

"ప్రియుడు రాకపోతే జనం జాలిపడతారు. అన్న రాకపోతే ఉమ్మేస్తారు. ఎవరికీ చెప్పకు."

చెప్పలేదు. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది!

ఆయన పోయాక ఒక లెక్చరర్ వచ్చాడు. ఆయన జీవితంలోంచి ఆ నవల ఎలా పుట్టిందో రాస్తున్నాడట. కిటికీలో ఆమె ఎవరని అడిగాడు. షాపు నిండా మనుషులు, అందరి కళ్లూ నా మీదే. తెలియదంటే పోయేది. ఎదురింట్లో సుగుణక్క కిటికీ పక్కన మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. వెలుతురు అక్కడే బాగా వస్తుంది మరి. నేను కన్ను కొట్టి, "గా కిటికీ చూడున్రి సార్. మా సార్ ఊకెనే గడ్డం గీకించుకోను వస్తుండెననుకున్నరా?" అన్నాను. షాపంతా ఒకటే నవ్వు. లెక్చరర్ కూడా నవ్వాడు. నవ్వి, రాసుకున్నాడు.

కొత్త ముద్రణ ముందుమాటలో అది అచ్చయింది. పేరు లేదు. సెలూన్ ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ అని ఉంది. మా గల్లీకి అది చాలదా?

ఆమె భర్త యాదగిరన్న బస్సు డిపోలో మెకానిక్. షాపులో ఎవరూ లేనప్పుడు వచ్చి కూర్చున్నాడు. "నిజమేనా తమ్మీ?" అని అద్దంలోంచి అడిగాడు. నవ్వులాటకన్నానని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. ఎందుకు? పెద్ద రచయిత దోస్తునని అప్పటికే నలుగురూ నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. అబద్ధాలకోరునని తేలితే మళ్లీ వట్టి కటింగోణ్ణే కదా. ఆ కాస్త పేరు కోసం, ఒక ఆడమనిషి బతుకు నా చేతిలో ఉందని తెలిసి కూడా, "పాత ముచ్చట ఇప్పుడెందుకన్నా" అని తల దువ్వాను.

ఆ తర్వాత ఆయన సుగుణక్కతో మాట్లాడలేదు. ఆమె చేతి అన్నం తినలేదు. ఆమె కిటికీ మూసేసి ట్యూబులైటు కింద కుట్టడం మొదలుపెట్టింది. యాదగిరన్న అలాగే, ఒక్క మాట లేకుండానే చచ్చిపోయాడు.

అప్పుడు నిజం చెబుదామని చూశాను. షాపులో చెబితే, "ఇది ఇంకా మస్తుగుంది భాయ్" అని పడి పడి నవ్వారు. నా నోట్లోంచి వచ్చిన నిజాన్ని ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్ముతానా?

మా గల్లీ విడిచి ఆమె మలక్‌పేటలో ఉంటున్న గది వెతుక్కుంటూ పోయిన నెల వెళ్లాను. అంతా చెప్పాను, ఆ చెల్లెలి సంగతితో సహా. సార్‌కిచ్చిన మాట కూడా పోయింది. అయినా చెప్తుంటే ఇన్నేళ్లకు కాస్త ఊపిరి ఆడింది. ఆ సుఖానికి కూడా సిగ్గేసింది. లెక్చరర్‌తో చెప్పి ముందుమాట మార్పిస్తానన్నాను. ఆమె సూదిలోకి దారం ఎక్కించుకుంటూ, తలెత్తకుండానే అంది:

"నాకెందుకు చెప్తున్నవ్ తమ్మీ? నేనేం చెయ్యలేదని నాకు ఎరకనే గదా. పో, పొయ్యి మా ఆయనకు చెప్పు."