గిర్ని ఆగిన పూట

డిగ్రీలో నేను చరిత్ర చదివాను. మనుషులు కూర్చుని మాట్లాడుకున్న చోట్ల గురించి అందులో ఒక పాఠం ఉండేది. గ్రీకుల సంత మైదానాలు, అరబ్బుల కాఫీ దుకాణాలు, మన రచ్చబండలు. పరీక్షలో ఆ ప్రశ్నకు పేజీలకు పేజీలు రాశాను. ఆడవాళ్ళు ఎక్కడ కూర్చునేవాళ్ళో ఆ పాఠంలో లేదు. నాకూ అడగాలని తోచలేదు. పెళ్ళయి గుంటూరు వైపు నుంచి శంషాబాద్ వచ్చాక తెలిసింది, ఇక్కడ ఆ చోటు పిండి మర, వీళ్ళ మాటలో గిర్ని అని.

మగవాళ్ళకు బెంగుళూరు రోడ్డు మీద చాయ్ హోటల్ ఉంది. మా ఆయన పొద్దున్నే సిటీ బస్సెక్కితే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. రోజంతా కిరాయి ఇంట్లో పాపా, నేనూ. పాపకు మూడో ఏడు నడుస్తున్నా ఒక్క మాట రాలేదు. "అమ్మ" అని కూడా అనలేదు. కావలసిన దానివైపు వేలు చూపించి ఊఁ అనేది, అంతే. నేను దాని ముందు కూర్చుని "అమ్మ, అత్త, తాత" అని చెబుతుంటే కాసేపు చూసి మొహం తిప్పేసుకునేది. వినిపిస్తోందో లేదోనని వెనకనుంచి చప్పట్లు కొట్టేదాన్ని. ఎన్నిసార్లు కొట్టానంటే, విసుగొచ్చి అది తిరిగి చూడటం మానేసింది. చెవుడే అనుకుని ఒక రాత్రంతా ఏడ్చాను.

దవాఖానలో డాక్టరమ్మ చూసి చెవులు బాగానే ఉన్నాయంది.

"ఇంట్లో ఎవరెవరు మాట్లాడతారు?"

"నేనొక్కదాన్నే."

"నలుగురున్న చోటికి తీసుకుపో అమ్మా."

నాకు తెలిసిన నలుగురెవరు? ఆ వారం గోధుమలు పట్టించడానికి గిర్నికి వెళ్ళాను. డబ్బాలూ గంపలూ వరుసలో ఉన్నాయి, వాటి మనుషులు గోడవారన ఉన్నారు. డబ్బా వరుసలో పెట్టి ఇంటికి పోయి రావచ్చు. కానీ ఎవరూ పోరు. తన గోధుమల్లో పక్కామె జొన్నపిండి కలిసిపోతుందని ప్రతి ఒక్కరికీ అనుమానం. ఆ అనుమానం పేరు చెప్పి గంటసేపు ముచ్చట. గిర్ని మోతలో మాట వినబడాలంటే అరవాలి. కోడలి సంగతి, కోడి సంగతి, చర్చిలో పెళ్ళి సంగతి, అన్నీ అరుపులే.

పక్క ఊరు మంఖాల్ నుంచి కూతురింటికి వచ్చి ఉండిపోయిన ఒక అవ్వ అందరికంటే గట్టిగా అరిచేది. నేను నోరు విప్పగానే నవ్వింది. "ఏంది బిడ్డా, రేడియోల వార్తలు సదివినట్టు మాట్లాడుతవ్? జర గట్టిగ ఒర్రు!"

ఆ తర్వాత నేను గోధుమలు కొంచెం కొంచెంగా తీసుకుపోవడం మొదలుపెట్టాను, ఎక్కువసార్లు వెళ్ళొచ్చని. కనుబొమ్మల దాకా పిండి పట్టిన గిర్ని అన్న డబ్బాలోకి తొంగిచూసి తల కొట్టుకున్నాడు. "అక్కా, గీ పిడికెడు గోధుమలకు గిర్ని తిప్పాల్నా? అన్నీ రాయికే అంటుకపోతయి!"

"నీకేమైతది?" అని అవ్వ అతని మీదికి లేచింది. "ఆమె ముచ్చటకొచ్చింది, పిండికి గాదు."

పాపను ఒక బోర్లించిన డబ్బా మీద కూర్చోబెట్టేదాన్ని. అందరి మొహాలూ మార్చి మార్చి చూసేది. ఒక్కోసారి దాని నోరు ఆడుతూ కనిపించేది. గోధుమ గింజలు నోట్లో వేసుకుందేమో, గొంతుకు అడ్డం పడతాయని పరుగెత్తి వేలు పెట్టి వెతికేదాన్ని. ఏమీ ఉండేవి కావు. పాప నా వేలు కొరికేది.

వారాలు గడిచాయి. మాట రాలేదు. ఇంకో పెద్ద డాక్టరుకు చూపిద్దామని మా ఆయన అన్న మర్నాడు కూడా గిర్నికి వెళ్ళాను. వరుసలో అవ్వ జొన్నల వంతు వచ్చింది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. బెల్టు రెండు మూడు సార్లు తపతపా కొట్టుకుని ఆగింది. గిర్ని ఆగితే అరుస్తున్న వాళ్ళంతా తమ గొంతు తమకే సిగ్గనిపించి ఒక్క క్షణం ఊరుకుంటారు. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు మాత్రం ఆగలేదు.

"మెత్తగ పట్టన్నా! మెత్తగ!"

డబ్బా మీద నిలబడి, అచ్చం అవ్వలా నడుం మీద చెయ్యి పెట్టుకుని, నా కూతురు.

అంటే ఇన్నాళ్ళూ అది మాట్లాడుతూనే ఉంది. గిర్ని మోత కింద, ఎవరికీ వినపడకుండా, తన మానాన తాను.

"మెత్తగనే పడుత తల్లీ, జర కరెంటు రానియ్యి," అన్నాడు గిర్ని అన్న, నోరు తెరిచి చూస్తూ. అందరూ ఒక్కసారిగా నవ్వారు. పాప ఉలిక్కిపడి నోరు మూసేసింది. దగ్గరికి పోతే బెదురుతుందేమో, పోకపోతే మళ్ళీ మూగబోతుందేమో. కదలలేకపోయాను.

అవ్వ తన ఖాళీ డబ్బా ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులతో దబదబా బాదడం మొదలుపెట్టింది. "సూస్తరేంది? కొట్టున్రి!" పక్కనున్న ఆమె గంప పక్కన పెట్టి రేకు తలుపు మీద కొట్టింది. ఇంకొకామె చేట మీద. గిర్ని అన్న ఇనప చిప్పతో తొట్టి మీద. కరెంటున్నప్పుడు కూడా గిర్ని ఎన్నడూ అంత మోత మోగలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. నేనూ నా డబ్బా తీసుకుని పిచ్చిదానిలా బాదాను, పాపకేసి చూడనట్టే చూస్తూ.

దాని పెదవులు కదిలాయి. నేను బాదుతూనే వంగి, చెవి దాని నోటి దగ్గర పెట్టాను.

"అమ్మా! జర జరుగు!"

వరుసలో ఆడవాళ్ళు ఒకరితో ఒకరు అనుకునే మాట అది. నేను అడ్డంగా ఉన్నాను, దానికి అవ్వ కనిపించడం లేదు. జరిగాను. నవ్వుతూ, ఏడుస్తూ, డబ్బా కొడుతూనే గోడ దాకా జరిగాను.

"ఏమన్నది? ఏమన్నది?" అని అవ్వ అరిచింది.

చెప్పాను, గట్టిగా ఒర్రి చెప్పాను.

"సూసిన్రా! గుంటూరు మాట గాదు, మా మాటే వచ్చింది!" అని అవ్వ ఇంకా గట్టిగా బాదింది.

చీకటి పడ్డాక మా ఆయన వచ్చేసరికి నేను పాపను పక్కన నిలబెట్టుకుని, బాదడానికి పళ్ళెమూ గరిటే పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.