ఉప్పు, చక్కెర చేతులు పట్టుకున్న తరగతి

మా సైన్స్ టీచర్ పోయిన ఆదివారం వైరాలో, తన తమ్ముడి ఇంట్లో నిద్రలోనే కన్నుమూశారు. ఫోన్ వచ్చేసరికి నేను దవాఖానాలో పిల్లల వార్డులో డ్యూటీ మీద ఉన్నాను. ఆమెను తలుచుకుంటే ఏడుపు కంటే ముందు నవ్వొచ్చింది. ఆమె అలాంటి మనిషి.

టేకులపల్లి అవతల, అడవి అంచున మా తండా. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆమె మా హైస్కూలుకు వచ్చి, మా పక్కింట్లోనే ఒక గది కిరాయికి తీసుకున్నారు. క్లాసులో ప్రశ్న అడిగినవాళ్లకు సంచిలోంచి జామకాయ తీసి ఇచ్చేవారు. జవాబు చెప్పినవాళ్లకు ఏమీ ఉండేది కాదు. "జవాబు పుస్తకంల ఉన్నదే గదా. ప్రశ్న నీది" అనేవారు.

కణపొర పాఠం వచ్చిన రోజు మమ్మల్ని వరండాలోకి తోలారు. సగం మందిని భుజం భుజం ఆనించి వరసగా నిలబెట్టారు. అది పేగులోని కణం పొర. మధ్యలో ఇద్దరు పిల్లలు తలుపు. నేను ఉప్పును, నా స్నేహితురాలు చక్కెర, మిగిలినవాళ్లంతా నీళ్లు. నేను ఒక్కదాన్నే ఉరికితే తలుపు నన్ను వెనక్కి నెట్టింది.

"ఏందే, ఉప్పు ఒక్కతే వస్తే ఈ తలుపు ఎట్ల తీస్తది? చక్కెరను తోలుకరా!" అని టీచర్ కేకేశారు.

ఇద్దరం చేతులు పట్టుకుని వెళ్లాం, తలుపు తెరుచుకుంది. మా వెనకే నీళ్లన్నీ ఒక్కసారి ఎగబడటంతో పొర మొత్తం నేలమీద పడింది. అరుపులకు హెడ్మాస్టర్ బయటికొచ్చారు.

"ఏందమ్మా ఇది?"

"పేగు, సార్" అన్నారు టీచర్.

తర్వాత కొద్ది రోజులకే ముసురు పట్టింది. అమ్మకు వాంతులు, విరేచనాలు. వాగు పొంగి అంబులెన్స్ అవతలి ఒడ్డునే ఆగిపోయింది. మధ్యాహ్నానికి అమ్మ కళ్లు లోపలికి పోయాయి, నాలుక పిడచగట్టింది. "నీళ్లు తాపకు, ఇంకా ఎక్కువైతది" అంది పెద్దమ్మ. నేను బిందె పక్కన కొయ్యబారిపోయాను. అప్పుడే టీచర్ తడుస్తూ లోపలికి వచ్చారు.

"మొన్న బడిల ఏం ఆడినవే? చెప్పు."

"ఉప్పు, చక్కెర కలిసి పోతే ఎనకనే నీళ్లు పోతయి, టీచర్."

"అవ్. మరి నిలబడ్డవేంది?"

కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు నాచేతే కొలిపించారు, చెంచా పైన సమంగా తలగొట్టి మరీ. నాలుక మీద వేసుకుని చూసి, "కన్నీళ్ల కంటే ఉప్పగుంటే పారబొయ్యాలె. ఇది బాగుంది" అన్నారు. పెద్దమ్మ వైపు తిరిగి, "విరేచనాలైనా పేగుల ఆ తలుపు పనిచేస్తనే ఉంటదమ్మా. తాగనియ్యి" అన్నారు.

చెంచా చెంచా పోశాను. అమ్మ అంతా కక్కేసింది. నేను గిన్నె కింద పెట్టేసి ఏడ్చాను. టీచర్ ఆ గిన్నె మళ్లీ నా చేతిలో పెట్టారు. "పది నిమిషాలు ఆగు. మెల్లగ పొయ్యి. నేనెటూ పోను."

పొద్దు వాలే వేళకు అమ్మ లేచి మూత్రానికి వెళ్లింది, ఒంట్లో నీళ్లు నిలిచాయన్నమాట. టీచర్ వాకిట్లోకి పరుగెత్తి ఆ సంగతి అందరికీ కేకేసి చెప్పారు. మనిషి మూత్రానికి వెళ్తే తండా మొత్తం సంబరపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడు వాగు తగ్గాక అమ్మను దవాఖానాకు తీసుకెళ్లాం. "టైముకు తాపిన్రు. ఎవరు?" అని డాక్టర్ అడిగారు. టీచర్ నన్ను ముందుకు నెట్టారు. "ఈ పిల్ల. నేను పక్కన కూసున్న, గంతే." నేను నర్సునవుతానని నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

రెండు రోజుల తర్వాత ముగ్గురం ఆటోలో తిరిగొచ్చాం. అమ్మ టీచర్ భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. వాన వెలిసి టేకు ఆకులు మెరుస్తున్నాయి. టీచర్ తడి తువ్వాలును ఆరబెట్టడానికి ఆటో బయటికి పట్టుకుని, ఎదురొచ్చిన ప్రతి మనిషికీ దాన్ని ఊపుతూ, పెద్దగా నవ్వుతూ కూర్చున్నారు. ఎవరో తెలియకపోయినా దారి పొడవునా అందరూ ఆమెకు చెయ్యెత్తి ఊపారు.